బాబుకి 14 ఏళ్ళు, ఇంకా కుక్కర్ మూత పెట్టడం రాదు: ఖమ్మం నుంచి ఒక అమ్మ ఉత్తరానికి జవాబు

ఉత్తరం చాలా పెద్దది, కాస్త కుదించి పెడుతున్నా.

"మేడం, నాకు ఇద్దరు పిల్లలు. బాబు ఈ ఏడాది పదో తరగతి, 14 నిండాయి. పాపకి 8. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా వారిది ఎలక్ట్రికల్ షాపు, అత్తయ్య మాతోనే ఉంటారు. పోయిన నెల నాకు వైరల్ ఫీవర్ వచ్చి మంచం దిగలేకపోయాను. బాబు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి 'అమ్మా, మరి టిఫిన్ ఏంటి' అన్నాడు. మధ్యాహ్నం ఫోన్లో ఆర్డర్ పెట్టుకుని తిన్నాడు, పాపం నాకు కూడా తెప్పించాడు, జ్వరంలో ఉన్న మనిషికి చికెన్ బిర్యానీ. ఆ రోజు ఏడుపొచ్చింది. వచ్చే ఏడాది ఇంటర్ కి హైదరాబాద్ లో హాస్టల్లో వేద్దామనుకుంటున్నాం, వీడు ఎలా బతుకుతాడు అని భయం. ఫ్రిజ్ మీద చార్టు అంటించి స్టిక్కర్లు పెట్టాను, వారం కూడా నడవలేదు. అత్తయ్యేమో 'మగపిల్లాడి చేత అంట్లు తోమిస్తావా' అంటారు. మా వారేమో 'చదువుకోనివ్వు, అవసరం వస్తే వాడే నేర్చుకుంటాడు' అంటారు, కానీ స్కూటీ మాత్రం ఆయనే దగ్గరుండి నేర్పించారు, ట్యూషన్ కి దాని మీదే పోతాడు. నిజం చెప్పాలంటే వాడి చేత ఏదన్నా చేయిస్తే నాకు డబుల్ పని. ఎక్కడ మొదలుపెట్టాలి? లేటయిపోయిందా? పాపకి ఇప్పుడే ఏమేం నేర్పొచ్చు? గ్యాస్ అంటే నాకు భయం, ఇండక్షన్ మీద నేర్పితే సేఫేనా?"

అమ్మా, ముందు ఆ బిర్యానీ సంగతి. నవ్వొచ్చింది కానీ ఒక్కసారి ఆలోచించండి, వాడు మీకు కూడా తెప్పించాడు. అంటే అమ్మ తినలేదు అన్న ధ్యాస వాడికుంది, జ్వరంలో ఉన్న మనిషికి ఏం పెట్టాలో తెలియదంతే. మనసు లేని పిల్లాడికి నేర్పడం కష్టం, తెలియని పిల్లాడికి నేర్పడం ఎంతసేపు. లేటవ్వలేదు. హాస్టల్ కి ఇంకా చాలా నెలలుంది, పద్నాలుగేళ్ళ పిల్లాడి చేతులకి బలముంది, చెప్తే అర్థమవుతుంది, ఒకరకంగా ఎనిమిదేళ్ళ పిల్లలకంటే వీడికే తొందరగా వస్తుంది.

నేను చాలా ఏళ్ళు హాస్టల్ వార్డెన్ గా చేశాను, ఆడపిల్లలవీ మగపిల్లలవీ రెండూ చూశాను, అందుకని నాకు ఈ విషయం మీద అభిప్రాయాలు కాస్త గట్టిగానే ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లల రూముల్లో ఆగస్టు నెలలో ఒక వాసన వస్తుంది, బకెట్లో సర్ఫ్ వేసి నానబెట్టి మర్చిపోయిన బట్టల వాసన, ముక్కు మూసుకోవాల్సిందే. పాపం ఆ పిల్లలు సోమరిపోతులేం కాదు. వాళ్ళింట్లో బట్టలు విప్పి పడేస్తే రెండ్రోజుల తర్వాత అల్మారాలో మడతపెట్టి కనపడతాయి, మధ్యలో ఏం జరుగుతుందో చూసినవాళ్ళు కాదు, నానబెట్టిన బట్ట తనంతట తాను దండెం ఎక్కదు అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తడి బనీన్లు, డ్రాయర్లు మంచం కమ్మీ మీద ఆరేసుకుని, సరిగ్గా ఆరకుండానే తొడుక్కుని, తామర తెచ్చుకుని, అది అమ్మకి చెప్పడానికి సిగ్గుపడి దసరా సెలవుల దాకా గోక్కుంటూ ఉండేవాళ్ళు. ఎంసెట్ ర్యాంకు సంగతి తర్వాత, రాత్రిళ్ళు దురదతో నిద్ర పట్టని పిల్లాడు ఏం చదువుతాడు చెప్పండి. మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు మీ చార్టు ఎందుకు ఫెయిలయిందో చెప్తా. చార్టు గీసింది మీరు, స్టిక్కర్లు కొన్నది మీరు, పొద్దున్నే "ఒరేయ్ ఇవాళ నీ పనేంట్రా, చూసుకున్నావా" అని గుర్తు చేసిందీ మీరే. మీ ఇంట్లో పనికి చేతులు బోలెడున్నాయి, గుర్తుపెట్టుకునే బుర్ర మాత్రం మీదొక్కటే. వాడికి మీరు ముక్కలు ముక్కలుగా పని చెప్తున్నారు, ఆ ప్లేటు అందుకో, కొట్టుకెళ్ళి పెరుగు తీసుకురా, ఫ్యాన్ ఆపు. ఇలాంటివి వంద చేసినా వాడికి ఏమీ రాదు, ఎందుకంటే ఏది ఎప్పుడు కావాలో ఆలోచించేది మీరే కదా. పని ఇస్తే మొత్తం ఇవ్వాలి, అది అవసరం అని గమనించడం దగ్గర్నుంచి చేసి, తుడిచి, సర్ది పెట్టేదాకా వాడిదే. ఇచ్చాక మీరు నోరు కుట్టేసుకోవాలి. నేను చెప్పేది మొత్తం ఇంతే, మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఉదాహరణకి తాగే నీళ్ళు. మీ ఊళ్ళో చాలా ఇళ్ళలో లాగే మీరు కూడా ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుంటారనే అనుకుంటున్నా. రేపట్నుంచి ఆ క్యాన్ మీ బాబుది. క్యాన్ లో నీళ్ళు అడుక్కి వచ్చాయని చూసుకోవాలి, క్యాన్ అతనికి ఫోన్ చేయాలి, వచ్చినప్పుడు ఖాళీది ఇచ్చి డబ్బులిచ్చి లెక్క రాసుకోవాలి, మూతి తుడిచి స్టాండ్ మీద పెట్టాలి, వారానికోసారి ఆ స్టాండూ కుళాయీ కడగాలి. మొదటి వారం బాగానే చేస్తాడు, రెండో వారం మర్చిపోతాడు, రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో చుక్క నీళ్ళుండవు. అప్పుడే మీకు అసలు పరీక్ష. మీరు ఫోన్ అందుకోకూడదు, తిట్టకూడదు, "నేను ముందే చెప్పానా" అసలు అనకూడదు. కుళాయి నీళ్ళు పట్టి మరగబెట్టి చల్లార్చి తాగుదాం పట్టరా నాన్నా అనండి, ఆ మరగబెట్టేది కూడా వాడే. అందరూ గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ వాడి వంక చూస్తారు కదా, ఆ రాత్రి చాలు, మళ్ళీ మర్చిపోయినా ఇంకోసారే మర్చిపోతాడు.

ఇలా రెండు మూడు పనులు చాలు, ఇరవై వద్దు. నీళ్ళు, వాడి బట్టలు, వారానికి ఒక పూట వంట. పదో తరగతి పిల్లాడు కదా చదువు పోతుందేమో అంటారా, ఫోన్లో రీల్స్ చూసే టైమ్ లో సగం పట్టదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలప్పుడు వంట ఆపేయండి, కానీ బట్టలు మాత్రం ఆపొద్దు, పరీక్ష ఉంటే ప్రపంచమంతా ఆగి మనకి సేవ చేస్తుంది అన్న అలవాటు ఒకసారి పడిందంటే అది పెళ్ళయ్యాక కూడా పోదు.

బట్టలు ఎలాగో కాస్త వివరంగా చెప్తా ఎందుకంటే హాస్టల్లో మొదట తన్నేది ఇక్కడే. మీ ఇంట్లో వాషింగ్ మిషన్ ఉన్నా సరే, ముందు ఒక నెల బకెట్ తోనే. జేబులు చూడాలి, పెన్ను, నోటు, బస్సు టికెట్టు ఏవున్నా తీసేయాలి. తెల్లవి వేరు, రంగువి వేరు, కొత్త రంగు బట్ట అయితే మొదటిసారి ఒక్కదాన్నే. కాలరూ, మణికట్టు దగ్గర పట్టీ, ఈ రెండు చోట్ల తడిపి బట్టల సబ్బు రుద్ది ఆ తర్వాతే సర్ఫ్ నీళ్ళలో వేయాలి, లేకపోతే ఎంత నానబెట్టినా ఆ నల్ల గీత పోదు. అరగంట నానితే చాలు. అలారం పెట్టుకోమనండి, మర్చిపోవడానికి కారణం అదొక్కటే. నురగ పోయేదాకా జాడించాలి, సర్ఫ్ మిగిలిపోతే ఒంటికి దురద. గట్టిగా పిండి, ఒకసారి దులిపి, రంగువి తిరగేసి ఆరేయాలి, లోదుస్తులు మాత్రం ఎండ తగిలేచోటే. తువ్వాలు స్నానం అవగానే దండెం మీదకి పోవాలి, కుర్చీ మీదకి కాదు. ఇవన్నీ మీరు పక్కన కూర్చుని ఒకసారి చూపించండి, రెండోసారి వాడు చేస్తుంటే చూడండి, మూడోసారి అక్కడ ఉండకండి. కాలర్ మీద మురికి ఉండిపోయిందా, ఉండనివ్వండి, ఆ చొక్కాతోనే స్కూలుకి పోతాడు. గుండీ కుట్టుకోవడం కూడా ఈ లెక్కలోదే, సూదిలో దారం ఎక్కించి ముడేసి రెండు రంధ్రాల్లోంచి నాలుగుసార్లు తీయడానికి ఎంతసేపు, కానీ హాస్టల్లో గుండీ ఊడిన చొక్కాకి పిన్నీసు పెట్టుకుని తిరిగే పిల్లలు బోలెడుమంది.

వంటకి వద్దాం. అన్నం, పప్పు, చారు, గుడ్డు అట్టు, ఈ నాలుగూ వస్తే మనిషి ఎక్కడైనా బతికేస్తాడు. అన్నం దగ్గర అందరూ గ్లాసుల లెక్క చెప్తారు, పాత బియ్యానికో లెక్క, కొత్త బియ్యానికో లెక్క, అది పిల్లలకి గందరగోళం. నేనైతే వేలి కొలతే చెప్తా. బియ్యం రెండుసార్లు కడిగి గిన్నెలో చదునుగా సర్ది, చూపుడు వేలి కొస బియ్యం పైన ఆనిస్తే నీళ్ళు మొదటి గీత దాకా రావాలి, మీ బియ్యాన్ని బట్టి ఒక చుక్క అటూ ఇటూ, రెండుసార్లు వండితే వాడికే తెలుస్తుంది. కుక్కర్ అడుగున నీళ్ళు పోయడం మర్చిపోవద్దు. మూత పెట్టేముందు మూతని వెలుతురుకి ఎత్తి ఆవిరి గొట్టం లోంచి అవతలికి కనపడుతుందా లేదా చూడమనండి, అందులో పప్పు గింజో పొట్టో అడ్డం పడితేనే ప్రమాదం. రబ్బరు సాగిపోలేదు కదా, గట్టిపడలేదు కదా అని వేలితో తడిమి చూడాలి. మూడు విజిల్స్ రాగానే ఆపేసి ఆవిరంతా తనంతట తాను పోయేదాకా మూత జోలికి వెళ్ళకూడదు, ఆకలేస్తోందని వెయిట్ ని గరిటెతో ఎత్తే వీరులుంటారు, అది మీ ఇంట్లో నిషేధం అని మొదటిరోజే చెప్పండి. అన్నం పలుకైతే కాసిని నీళ్ళు చిలకరించి మూతపెట్టి సన్నసెగ మీద ఇంకాసేపు, మెత్తబడిపోతే పెరుగన్నం చేసేయండి, అంతేగానీ మొహం అలా పెట్టకండి.

తాలింపు మీద మీకు భయముంటుందని తెలుసు, నూనె కదా. మూకుడు పొడిగా ఉండాలి, తడి చేత్తో నూనెలో ఏదీ వేయకూడదు, ఆవాలు చిటపటలాడటం మొదలయ్యాకే జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు ఆఖర్న, అది వేసేటప్పుడు ఒక అడుగు వెనక్కి. ఎప్పుడన్నా నూనె మంటంటుకుంటే స్టవ్ ఆపి మూకుడు మీద పెద్ద మూత బోర్లించేయడమే, నీళ్ళు చస్తే పోయకూడదు, పోస్తే మంట పైకప్పు దాకా లేస్తుంది. ఇది నోటితో చెప్పి వదిలేయకండి, స్టవ్ ఆఫ్ లో ఉండగా ఖాళీ మూకుడు పెట్టి నాబ్ తిప్పి మూత బోర్లించడం నిజంగా చేయించండి, రెండుసార్లు. చెయ్యి కాలితే పారే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టాలి, టూత్ పేస్టూ సిరా పసుపూ ఐసూ ఏవీ వద్దు. అత్తయ్యగారు పేస్టు రాయమంటారు చూడండి, ఒట్టు.

గ్యాస్ అంటే భయం అన్నారు, ఆ భయాన్ని అలాగే పిల్లలకి ఇవ్వకండి, ఎలా పనిచేస్తుందో చెప్పండి. గ్యాస్ కి దానంతట దానికి వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఆ కంపు కావాలని కలుపుతారు. అది గాలికంటే బరువు, అందుకే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి వాసన వచ్చిందంటే స్విచ్చు వేయకూడదు, వేసి ఉన్నది తీయకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ముట్టుకోకూడదు. రెగ్యులేటర్ ఆపేయాలి, తలుపులూ కిటికీలూ బార్లా తీయాలి, అందర్నీ బయటికి తీసుకుపోయి అప్పుడు 1906 కి ఫోన్ చేయాలి, గ్యాస్ లీకుల కోసం రాత్రీ పగలూ పనిచేసే నంబరు అది. రెగ్యులేటర్ తీయడం, పెట్టడం మీ బాబు చేతే చేయించండి, తర్వాతి సిలిండర్ వాడే మారుస్తాడు. మీ వారిది ఎలక్ట్రికల్ షాపు కదా, ఎంసీబీ, అదే కరెంటు ఆపే మెయిన్ స్విచ్చు ఎక్కడుంది, ఏ గదికి ఏది, షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోకుండా ముందు కరెంటు ఎలా తీయాలి, ఇదంతా ఆయన్ని చెప్పమనండి. షాపులో కుర్రాళ్ళకి నేర్పే మనిషి ఇంట్లో కొడుక్కి నేర్పలేరా.

జ్వరం, విరేచనాల సంగతి. మీరు మంచమెక్కిన రోజున వాడికి ఏం తెలిసుండాలి? జావ కాయడం, అన్నం మెత్తగా వండి చారు పోయడం, జ్వరం ఎంతుందో చూసి ఏ టైముకి ఎంతో కాగితం మీద రాయడం, నీళ్ళు అందించడం. మందు బిళ్ళలు మాత్రం సొంతంగా ఇవ్వకూడదు, పెద్దవాళ్ళకి ఫోన్ చేసి అడిగే ఇవ్వాలి. ఓఆర్ఎస్, అంటే విరేచనాలకి ఒంట్లో పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగిచ్చే ద్రావణం, అది కలపడం తప్పకుండా నేర్పండి. ప్యాకెట్ అయితే దాని మీద ఎన్ని నీళ్ళలో కలపమన్నారో చదివి మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, సగం ఇప్పుడు సగం తర్వాత పనికిరాదు. ఇంట్లో చేయాలంటే లీటరు శుభ్రమైన నీళ్ళకి చదునుగా ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకని స్పూను తలకొట్టి కొలవాలి. హైదరాబాద్ లో డాక్టర్ శివరంజని సంతోష్ అని పిల్లల డాక్టరు, చక్కెర ఎక్కువున్న డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడం మీద ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబర్ లో తిండి వస్తువుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. ఆ కథ మీ బాబుకి చెప్పండి, ముందు వైపు పెద్దక్షరాలు కాకుండా వెనక వైపు చిన్నక్షరాలు చదవాలి అన్న సంగతి వాడికి దాంతోనే అర్థమవుతుంది. పాల ప్యాకెట్ మీద తేదీ, బిస్కట్ ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, అన్నీ అందులోకే వస్తాయి.

కూరగాయలకి మార్కెట్ కి ఒక ఆదివారం ఇద్దర్నీ తీసుకెళ్ళండి, తర్వాత ఆదివారం బాబుని ఒక్కణ్ణే పంపండి, 300 ఇచ్చి. బెండకాయ కొస విరిస్తే టప్పున విరగాలి, వంగిందంటే ముదిరింది. సొరకాయ మీద గోరు దిగాలి. వంకాయకి చిన్న చిల్లు ఉందేమో తిప్పి చూసుకోవాలి, తొడిమ పచ్చగా ఉండాలి. మోసపోతాడు, అరకిలో పుచ్చు వంకాయలు తెస్తాడు, ఏం ఫరవాలేదు, వాటిని తరిగేది కూడా వాడే కాబట్టి పురుగు వాడికే కనపడుతుంది. డబ్బు లెక్క చెప్పమనండి, కానీ మిగిలిన పది రూపాయలకి పోలీసు విచారణ చేయొద్దు.

డబ్బు అంటే గుర్తొచ్చింది, పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి వాడుకోవడానికి బ్యాంకులు ఒప్పుకోవచ్చని 2025 లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది, పరిమితులు ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు పెట్టుకుంటుంది. మీ బ్యాంకులో అడగండి. డబ్బులేసే ఫారం, తీసే ఫారం వాడి చేతే నింపించండి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. ఇంజనీరింగ్ లో చేరిన పిల్లలు కూడా బ్యాంకులో ఫారం పట్టుకుని "అంకుల్, ఇక్కడేం రాయాలి" అని అడుగుతుంటారు. ఫోన్ తో డబ్బు పంపడం వాడికి మీకంటే బాగా వచ్చు, అందులో ఒక్కటే ఎక్కించండి, మనకి డబ్బు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందనే. ఓటీపీ ఎవడడిగినా చెప్పకూడదు, పోయిందంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930 కి ఫోన్. అమ్మ నంబరు, నాన్న నంబరు చూడకుండా చెప్పగలగాలి, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఈ తరం పిల్లలకి ఇంటికి ఫోన్ చేయడమే రాదు.

అన్నట్టు మీ ఇంట్లో పనులకి డబ్బులిస్తారా అని మీరు రాయలేదు కానీ చాలామంది అడుగుతారు, నా మటుకు నేను వద్దంటాను. వాడి ప్లేటు వాడు కడిగినందుకు పది రూపాయలేంటండి, రేపు మీకు జ్వరమొస్తే రేటు అడుగుతాడు.

ఇక స్కూటీ. మీకు కోపమొచ్చినా సరే ఇది చెప్పాలి. ఇంట్లో వంటగదికి పిల్లాడు చిన్నవాడు, రోడ్డు మీద బండికి పెద్దవాడయ్యాడా? 18 నిండితే గానీ మామూలు స్కూటీకి లైసెన్స్ రాదు. 2019 లో మోటారు వాహనాల చట్టం మార్చాక మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకి లేదా బండి ఓనరుకి, 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. చట్టం పక్కన పెట్టండి, ఖమ్మం ట్రాఫిక్ లో ఇసుక లారీల మధ్య పద్నాలుగేళ్ళ పిల్లాడు. తాళం మీ వారి జేబులోకి పోవాలి, ట్యూషన్ కి సైకిలో ఆటోనో. బస్సెక్కి ఒక్కడే పక్క ఊరు బంధువుల ఇంటికి వెళ్ళి రావడం నేర్పండి, బోర్డు చదవడం, చిల్లర సరిచూసుకోవడం, ఎక్కడ దిగాలో కండక్టర్ని అడగడం, హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు పనికొచ్చేది అది.

"అవసరం వస్తే వాడే నేర్చుకుంటాడు" అని మీ వారంటున్నది పూర్తిగా తప్పేం కాదు, మగపిల్లలు అలా నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. అమెరికాకి ఎమ్మెస్ కి పోయే పిల్లల్ని చూడండి, ఫ్లైట్ కి పది రోజుల ముందు వంట క్లాసు మొదలవుతుంది, సూట్ కేసులో కుక్కరూ కందిపొడీ ఆవకాయ సర్దుతూ వాళ్ళమ్మ ఫోన్లో వీడియోలు తీసి పంపుతుంది. వాళ్ళు వంట నేర్చేసుకుంటారు, నిజమే. రానిది ఏంటంటే సింకులో గిన్నెలున్నాయని కంటికి కనపడటం, బాత్రూమ్ జారుతోందని తట్టడం, పాలు అయిపోయాయి రేప్పొద్దున ఎలా అని ముందురోజు రాత్రి అనిపించడం. అది వీడియో చూస్తే రాదు. అందుకే రూమ్మేట్లతో గొడవలు, తర్వాత పెళ్ళాంతో గొడవలు, "చెప్తే చేస్తాను కదా" అని. చెప్పడమే పెద్ద పని అని వాళ్ళకి తెలియదు.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి, గెలిచినా లాభం లేదు. ఆవిడ్నే టీచర్ని చేసేయండి. "అత్తయ్యా, మీ చేతి పప్పుచారు వీడికి చాలా ఇష్టం, హాస్టల్లో ఆ రుచి ఎక్కడ దొరుకుతుంది, మీరే ఒకసారి నేర్పండి" అనండి, మీరు గదిలోకి వెళ్ళిపోండి. మనవడు పక్కన నిలబడి చింతపండు పిసుకుతుంటే ఏ నాయనమ్మా కాదనదు. అంట్ల దగ్గర మాత్రం పేచీ వస్తుంది, వంట ఫరవాలేదు గానీ అంట్లు తోమడం నామోషీ అనుకునే తరం ఆవిడది. అప్పుడు భారతం తీయండి, విరాటుడి కొలువులో భీముడంతటివాడు వలలుడనే పేరుతో వంటవాడిగా ఏడాది గడిపాడు కదా అత్తయ్యా, ఆయన గరిట ఎవరు కడిగుంటారు అని నవ్వుతూ అడగండి. ఆవిడ నవ్వేస్తే సరే, నవ్వకపోతే అంట్ల టైమ్ ని ఆవిడ సీరియల్ టైమ్ కి మార్చేయండి.

పాప విషయంలో ఒక హెచ్చరిక. బాబు చేయడం లేదని ఆ పని మెల్లగా పాప మీదకి జారిపోతుంది, ఆడపిల్ల కదా చెప్పగానే చేస్తుంది, మీకూ తెలియకుండానే అలవాటైపోతుంది. ఇద్దరికీ పని ఉండాలి, అన్న తిన్న కంచం చెల్లెలు తీసే పద్ధతి ఒక్కరోజు కూడా వద్దు. ఎనిమిదేళ్ళకి పక్క సర్దుకోవడం, బ్యాగూ లంచ్ బాక్సూ సర్దుకోవడం, బాక్సు సాయంత్రం రాగానే తీసి కడగడం, బఠాణీలు ఒలవడం, మజ్జిగ చిలకడం, నిమ్మకాయ నీళ్ళు కలపడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం ఇవన్నీ వస్తాయి. చిన్న కత్తితో అరటిపండు, దోసకాయ ముక్కలు కోయడం మీ పక్కన కూర్చుని చేయొచ్చు, వేళ్ళు లోపలికి ముడిచి పట్టుకోవడం ముందు చూపించండి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939 లో మద్రాసు వచ్చి అడయార్ లో టీచర్లకి శిక్షణ ఇచ్చారు కదా, ఆవిడ పద్ధతిలో మూడేళ్ళ పిల్లలకి అక్షరాల కంటే ముందు జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు ఒలకకుండా పోయడం, గుండీలు పెట్టుకోవడం, బల్ల తుడవడం పెడతారు. పేరు చూసి మనూళ్ళో ఫీజులు కడతాం గానీ ఆ పనులు ఇంట్లో చేయనివ్వం, ఒలికిస్తారని. స్టవ్ మాత్రం పాపకి ఇప్పుడే వద్దు, పదకొండు పన్నెండు దాకా ఆగండి. ఇంకో ఏడాదిలో నెలసరి గురించి కూడా మీరే కూర్చోబెట్టి చెప్పాలి, అది వచ్చాక చెప్పేది కాదు, బాబుకి కూడా తెలియాలి, చెల్లికి కడుపునొప్పంటే వేడినీళ్ళ బ్యాగు ఇచ్చి షాపు నుంచి ప్యాడ్స్ తెచ్చిపెట్టేవాడై ఉండాలి.

బాత్రూమ్ కడిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త, యాసిడ్ క్లీనరూ బ్లీచింగ్ పౌడరూ ఎప్పుడూ కలపకూడదు, కలిస్తే విషవాయువు వస్తుంది, క్లోరిన్. తలుపు తీసి ఉంచి ఏదో ఒకటే వాడమనండి.

"వాడి చేత చేయిస్తే నాకు డబుల్ పని" అన్నారే, ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. డబుల్ ఎందుకవుతుందంటే వాడు చేశాక మీరు మళ్ళీ చేస్తున్నారు కాబట్టి. వాడు మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెడతారు, తోమిన గిన్నె వాడి ముందే మళ్ళీ తోముతారు, అవునా కాదా? అది చూసిన పిల్లాడికి ఒకటే అర్థమవుతుంది, నేను చేసినా చేయకపోయినా అమ్మ చేస్తుంది అని. జిడ్డు మిగిలితే ఆ గిన్నె తిరిగి సింకులో పెట్టి "నాన్నా, అంచు చూడు" అని వదిలేయండి. దుప్పటి వంకరగా ఉంటే వంకరగానే పడుకోండి. మొదటి రెండు నెలలు మీ ఇల్లు మీకే నచ్చదు, చుట్టాలొస్తే ఇబ్బందిగా ఉంటుంది, అది తప్పదు. ఇంకో మాట, మీకు కొంచెం చేదుగా ఉండొచ్చు, మనం చేస్తేనే ఇల్లు నడుస్తుంది అన్నదాంట్లో మనకి ఒక గర్వం ఉంటుంది, దాన్ని వదులుకోవడం చార్టు గీయడం కంటే కష్టం.

ఇండక్షన్ అడిగారు. మొదలుపెట్టడానికి బాగుంటుంది, మంట లేదు, లీకు లేదు, టైమర్ ఉంటుంది. కానీ అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నెలే దాని మీద పనిచేస్తాయి, మీ పాత అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, గిన్నె దించాక కూడా పైన గాజు కాలుతుంది, పాపని దూరంగా ఉంచండి. హైదరాబాద్ తీసుకెళ్దామని మాత్రం కొనకండి, చాలా హాస్టళ్ళలో అవి రానివ్వరు, చేరేముందే వార్డెన్ని అడగండి, దాంతోపాటు బట్టలు ఉతుక్కునే చోటు, ఆరేసుకునే చోటు మీ కళ్ళతో చూడండి, బ్రోషర్లో అవి ఉండవు. ఇండక్షన్ మీద ఒక నెల అయ్యాక గ్యాస్ మీదకి రండి, మొదటి రోజు పాలు కాయమనండి, పొంగకుండా దించితే సరే, పొంగితే స్టవ్ విప్పి బర్నర్లు తుడిచేది కూడా వాడే.